మామిడి దుంగల మడి

ఆ ఎండాకాలం నేను ఎవరెవరి మీద అరిచానో చెప్పడం కంటే ఎవరి మీద అరవలేదో చెప్పడం సులువు. ఎదురింటి మేక మీద అరవలేదు. అది కూడా మడిలో వంగనారు పెట్టకముందు మాట.

అబ్బా, అంటే మా నాన్న, ఏప్రిల్ మొదటి వారంలో పోయారు. షామీర్‌పేటలో మా ఇంట్లో అమ్మీ ఇద్దత్‌లో కూర్చుంది. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు ఇల్లు దాటకూడదు, పరాయి మగవాళ్ళ కంట పడకూడదు. నా కాపురం మేడ్చల్‌లో. మా ఆయన అదీబ్‌నూ, కూతురు ఇఫ్రానూ అక్కడే ఉంచి నేను వచ్చి అమ్మీ దగ్గర ఉన్నాను. ఇక్కడి నుంచే తుర్కపల్లి దిక్కు మందుల కంపెనీలో ప్యాకింగ్ డ్యూటీకి పోయేదాన్ని. తమ్ముడు ఆసిం గుండ్లపోచంపల్లిలో ఒక గోదాములో పని చేస్తాడు. వాడికి ఇరవై ఆరేళ్ళు. అబ్బా పోయినప్పటి నుంచి ఓవర్‌టైం ఎక్కడున్నా వెతుక్కొని మరీ చేసేవాడు. అది పని మీద ప్రేమ కాదని నాకు తెలుసు. అమ్మీ అడిగే ప్రశ్న నుంచి పారిపోవడం.

ఆమె దగ్గర ఒక్కటే ప్రశ్న ఉండేది.

"బేటా, అబ్బా కుడి భుజం కింద ఏమన్న మెత్తగ పెట్టిన్రా?"

అబ్బా, ఊళ్ళో అందరికీ షుకూర్ భాయ్, ఏటా మామిడి తోటలు గుత్తకు పట్టేవారు. ఏడేళ్ళ కింద చెట్టు మీది నుంచి కుడి భుజం మీద పడ్డారు. ఎన్ని దవాఖానలు తిరిగినా ఆ భుజం కుదురుకోలేదు. ఆనాటి నుంచి ఆయన కుడివైపు తిరిగి పడుకున్నది లేదు. మాలో మనిషిని ఖబర్లో పెట్టేది కుడి పక్క మీదే. తల ఉత్తరానికి, ముఖం పడమరకు. అంటే మనిషి బరువంతా ఆ భుజం మీదే ఉంటుంది. ఆడవాళ్ళు ఖబరస్తాన్‌కు పోరు. అబ్బాను మోసుకుపోయే డోలా గుమ్మం దాటేదాకే అమ్మీ చూసింది. ఆ తర్వాత ఏం జరిగిందో మగవాళ్ళకే తెలియాలి. మా ఇంట్లో మగవాడంటే ఆసిం ఒక్కడే.

"అంత మంచిగనే అయింది అమ్మీ," అనేవాడు వాడు, బండి తాళం వెతుక్కుంటూ.

"మంచిగ అంటే? భుజం కింద పెట్టిన్రా లేదా?"

"టైమయితాంది. పోయొస్త."

రోజూ ఇదే. వినీ వినీ ఒకరోజు నాకు విసుగొచ్చి, "పోయినోళ్ళకు నొప్పేంది అమ్మీ," అనేశాను. రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. అన్నం సంగతి అంతకుముందు నుంచే అంతంత మాత్రం, రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కకు నెట్టేసేది. మనిషి సగమైపోయింది. ఇలాగే ఉంటే ఇద్దత్ పూర్తయ్యేదాకా నిలుస్తుందా అని నాకు భయం పట్టుకుంది.

నాకున్న జబ్బు ఏమిటంటే, ఎవరైనా బాధపడుతుంటే వాళ్ళ పక్కన ఊరికే కూర్చోలేను. ఏదో ఒకటి చేసేయాలి. మా కంపెనీలో క్వాలిటీ సెక్షన్ శ్రీదివ్య గారు కొంపల్లిలో వాళ్ళ విల్లా పెరడు ఫోన్‌లో చూపించారు. గుంత తీసి, అందులో పాత దుంగలు పరిచి, వాటి సందుల్లో ఆకులూ పేడా మట్టీ దట్టంగా నింపి, పైన ఎత్తుగా మడి కడతారట. లోపలి కట్టె నీళ్ళు పట్టుకొని మెల్లమెల్లగా కుళ్ళి ఎరువవుతుందట. అమ్మీ ఒకప్పుడు పొలం గట్టు మీద ఇంటికి సరిపడా కూరగాయలు పండించిన మనిషి. ఇప్పుడు మా పెరడంతా ఇల్లు కట్టినప్పుడు నింపిన మొరం. గడ్డి కూడా మొలవదు. ఒక్కసారి ఆమె చేతికి మట్టి అంటితే ఆ ప్రశ్న మరిచిపోతుందని, నాలుగు ముద్దలు తింటుందని నేను గట్టిగా నమ్మాను.

దుంగలు బాలేష్ తెచ్చాడు. పద్దెనిమిదేళ్ళు అబ్బాతో కలిసి తోటలు పట్టిన మనిషి. లాల్‌గడి మలక్‌పేట దగ్గర వాళ్ళు పట్టే తోట పోయినేడాది ప్లాట్లయింది. కొట్టేసిన చెట్లు అక్కడే పడి ఎండుతున్నాయి. ట్రాలీ వచ్చిన శబ్దం వినగానే అమ్మీ లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది.

"భాభీ, ఎట్లున్నవ్?" అని బాలేష్ తలుపుకేసి అడిగాడు.

"ఉన్న. నువ్వు ఆ రోజు ఆడ ఉన్నవా బాలేష్?" అని తలుపు వెనక నుంచి అమ్మీ.

"ఉన్న భాభీ. పిడికెడు మట్టి ఏసిన. మంది మస్తున్రు, నేను ఎనకకు ఉన్న. ఏం కనవడలే."

నేను మాట మార్చి, దుంగలు వెనక గోడ దగ్గర దించమన్నాను. ట్రాలీ సందులో తిరగదని అతను గేటు ముందే గుమ్మరించి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు మేము దుంగలు ఎక్కి దిగి ఇంట్లోకి వచ్చాం. నా స్కూటీ నాలుగు రాత్రులు రోడ్డు మీదే ఉంది. ఆసింను తీయమంటే "రేపు" అనేవాడు. ఆ రేపు కోసం ఎదురుచూడలేక నేనే ఒక్కొక్కటీ దొర్లించుకుంటూ పోయాను. నడుం పట్టేసింది.

ఆదివారం అదీబ్, ఇఫ్రా వచ్చారు. ఇఫ్రా రెండు సంచుల నిండా ఎండుటాకులు ఏరింది. అదీబ్ పది నిమిషాలు గడ్డపార పట్టుకొని, అరచెయ్యి చూసుకొని, నీడకు పోయి ఫోన్ తీశాడు. మా ఆయన పని చేసే మనిషీ కాదు, చేయించే మనిషీ కాదు. పని చూసే మనిషి.

"నజ్జూ, వీడియోల మడి ఉత్తరం దక్షిణం ఉండాలంటున్నరు. రెండు దిక్కుల ఎండ పడ్తదంట. ఆగు, ఫోన్ల దిక్కులు జూస్త."

"చూడండి. జర దిగి తవ్వుకుంట చూడండి."

ఆయన దిక్కులు చూశాడు. తాడు పట్టి గీత గీయించాడు. తవ్వింది మాత్రం ఆసిం. మొరంలో గడ్డపార దిగక చేతులు అదిరిపోతున్నా మోకాలి లోతు తవ్వాడు. ఏదో కసి తీర్చుకుంటున్నట్టు తవ్వాడు. నేను కూడా ఆపలేదు. మొత్తానికి ఒకడు పని చేస్తున్నాడు, అది చాలనుకున్నాను. చీకటి పడేలోపు దుంగలు అడుగున పరిచాం.

బుధవారం ఆసింకు సెలవు. నాకు డ్యూటీ. పోయేముందు వాడికి రెండుసార్లు చెప్పాను. దుంగల సందుల్లో ఆకులు కుక్కు. ఆకుల మీద పేడ, పేడ మీద మట్టి. ఎక్కడా ఖాళీ ఉండొద్దు. వాడు తల ఊపాడు.

సాయంత్రం వచ్చి చూస్తే పని అయిపోయింది. ఎర్రమట్టి నున్నగా ఎత్తుగా పోసి, నాలుగు వైపులా అరచేత్తో మెత్తి, పైన నీళ్ళు చల్లి పెట్టాడు. పుట్టినప్పటి నుంచి వీడు ఇంత ఒద్దికగా చేసిన పని ఇంకొకటి లేదు. అదే మాట అన్నాను కూడా. ఆకుల సంచులు రెండూ గోడ పక్కన అలాగే కనిపించాయి.

"ఇవేంది మరి?"

"మిగిలినయి ఆపా," అన్నాడు.

అడగాల్సింది. కానీ అలసిపోయి ఉన్నాను, పని అయిందన్న సంతోషంలో ఉన్నాను. అమ్మీని చెయ్యి పట్టుకొని బయటికి తీసుకొచ్చాను. "చూడు అమ్మీ, ఇగ నీకు వంకాయలు, టమాటలు, మెంతికూర. నువ్వే నాటాలె."

ఆమె వసారా అంచున నిలబడి చూసింది. చాలాసేపు చూసింది. నా చెయ్యి విడిపించుకొని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

నాకు ఒళ్ళు మండింది. ఎండలో మాడి, నడుం విరగ్గొట్టుకొని, గోళ్ళ సందుల్లో మొరం ఇరికించుకొని చేసినదానికి ఒక్క మంచి మాట లేదు. ఆ పూట వంట కూడా విసురుగానే చేశాను.

సంగతేమిటో నాకు పార్వతీదేవి ఆంటీ చెప్పాల్సి వచ్చింది. వెనక కాలనీలో కొత్తగా వచ్చిన తెనాలి వైపు వాళ్ళు. వాళ్ళ బాల్కనీ మా పెరడు మీదికే ఉంటుంది. రెండు రోజుల తర్వాత గోడ దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అడిగింది.

"ఏమీ అనుకోకు తల్లీ. అడగొచ్చో లేదో కూడా తెలీదు. మీ నాన్నగారిని ఇక్కడికి మార్చారా?"

నాకు ముందు అర్థం కాలేదు.

"అదేనమ్మా, ఆ సమాధి. మా ఆయన జానకిరామయ్య గారైతే పొద్దున్నే బాల్కనీలోంచి దణ్ణం పెట్టుకుంటున్నారు. పెద్దాయన కదా అని."

"అది వంకాయల మడి ఆంటీ."

"అయ్యో. వంకాయలా," అని ఆమె నొచ్చుకుంది. "చూడ్డానికి అలా ఉందమ్మా, అందుకని."

గోడ దగ్గర నుంచి వచ్చి చూశాను. ఆరున్నర అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. ఉత్తరం దక్షిణం. మధ్యలో ఎత్తు, పక్కలకు వాలు. తల వైపు కొంచెం ఎక్కువ మట్టి. అంతకుముందు వీడియోలోని మడి అనుకొని చూశాను కాబట్టి కనిపించలేదు. ఇప్పుడు ఇంకేమీ కనిపించడం లేదు. భర్త పోయి రెండు నెలలు కాని మనిషిని చెయ్యి పట్టుకొని తీసుకొచ్చి, చూడు ఎంత బాగుందో అని చూపించాను. సిగ్గుతో చచ్చిపోయాను.

సిగ్గు వేసినప్పుడు నేను చేసే పని ఎవరో ఒకరిని తిట్టడం. ఆసిం వచ్చేదాకా కాచుకొని కూర్చున్నాను.

"కట్టినోనివి నువ్వు. ఖబరస్తాన్‌కు పోయొచ్చినోనివి నువ్వు. ఎట్లుందో నీకు కనవడలేదారా?"

"మట్టి పోస్తే అట్లనే అయితది ఆపా. నేనేం జేద్దు?" అని వాడు బూట్లు కూడా విప్పకుండా మళ్ళీ బయటికి పోయాడు.

ఆ మడిని మడిలా కనిపించేలా చేయడానికి నేను పడని పాట్లు లేవు. చుట్టూ ఇటుకలు పేర్చాను. అది కట్టడం కట్టిన ఖబర్‌లా తయారైంది. ఇటుకలు తీసేసి పైభాగం చదును చేయబోయాను. మట్టి పక్కలకు జారింది, మళ్ళీ ఎత్తి పోశాను. జూన్‌లో రెండు వానలు పడగానే పరుగు పరుగున నారు తెచ్చి పెట్టాను. వంగ, టమాట, పక్కల వెంట మెంతులు. ఇక ఎవరు చూసినా తోట అనే అంటారని అనుకున్నాను. ఎదురింటి మేక వచ్చి సగం వంగనారు తినిపోయింది. దాని మీద కూడా అరిచాను.

ఒకరోజు పొద్దున డ్యూటీకి తయారవుతూ కిటికీలోంచి చూస్తే అమ్మీ పెరట్లో ఉంది. తల నిండా కొంగు కప్పుకొని, ముంతతో మడికి నీళ్ళు పోస్తోంది. నా ప్రాణం లేచొచ్చింది. అదీబ్‌కు ఫోన్ చేసి చెప్పాను కూడా, అమ్మీ బయటికి వచ్చింది, మొక్కలు చూసుకుంటోంది అని. రెండో రోజు నిదానంగా చూశాను. ఆమె మొక్కలకు పోయడం లేదు. ఉత్తరం అంచున మొదలుపెట్టి దక్షిణం దాకా, నడి మధ్యలో, ఒకే ధారగా పోస్తోంది. పెదవులు కదులుతున్నాయి. మొక్కలన్నీ పక్కల మీద ఉన్నాయి. వాటి మీద చుక్క పడటం లేదు.

ఆ రోజు స్కూటీ మీద కంపెనీ దాకా ఏడుస్తూ పోయాను. ఏడుపు కంటే కోపమే ఎక్కువ. ఖబర్ గురించి ఆలోచించొద్దని నేను పెరడు తవ్విస్తే, ఆమె గుమ్మం ముందుకే ఖబర్ తెచ్చి పెట్టినట్టయింది. అన్నం మళ్ళీ రెండు ముద్దలే. ప్రశ్న కూడా అదే. ఇప్పుడు రోజుకు రెండుసార్లు.

జూన్ చివర పెద్ద వాన పడింది. శనివారమంతా కురిసింది. ఆదివారం పొద్దున చూస్తే మడి నడుమ కూలిపోయి ఉంది. మనిషి పట్టేంత గొయ్యి. టమాట మొక్కలు అందులోకి జారి బురదలో పడి ఉన్నాయి. రోడ్డు మీద నీళ్ళు నిలిచి అదీబ్ రాలేనన్నాడు. వచ్చినా చూసేవాడే కదా. నిద్రపోతున్న ఆసింను లేపి, చేతికి పార ఇచ్చాను.

"తవ్వు. ఎందుకు కూలిందో చూద్దాం."

వాడు కదల్లేదు. నేనే పార తీసుకొని మట్టి పక్కకు లాగాను. జానెడు లోతులో చెక్కలు తగిలాయి. గోదాములో సామాన్లు వచ్చే పెట్టెల చెక్కలు. గుంతకు అడ్డంగా, ఒకదాని పక్కన ఒకటి, ఈ అంచు నుంచి ఆ అంచుకు పరిచి ఉన్నాయి. చెక్కకూ చెక్కకూ మధ్య సందుల్లో తడి మట్టి ముద్దలు చేసి, వేలితో నొక్కి నొక్కి పూడ్చి ఉంది. నడుమ నాలుగైదు చెక్కలు విరిగాయి. పక్కనున్న చెక్క ఒకటి ఎత్తి చూశాను. కింద మేము పరిచిన దుంగలు ఎలా పెట్టినవి అలాగే ఉన్నాయి. వాటి మీద ఒక్క ఆకు లేదు, పేడ లేదు. అంతా ఖాళీ.

"లోపల నింపుమంటే పైన మూత పెట్టినవారా? నీకు రెండుసార్లు చెప్పిన గదా. ఇంత ఖాళీ ఎందుకిడిసినవ్?"

వాడు ఆ ఖాళీలోకి చూస్తున్నాడు.

"మట్టి మీద పడొద్దని," అన్నాడు.

"దేని మీద? దుంగల మీద మట్టి పడొద్దా? మట్టి పడకుంటే అది..."

వాడి ముఖం చూసి నా నోరు ఆగిపోయింది. నా నోరు ఆగడం మా ఇంట్లో పెద్ద విశేషం. వాడికి ఎవరూ మడి కట్టడం నేర్పలేదు. మనిషి మీద మట్టి పడకుండా చెక్కలు పరిచి ఖబర్‌ను ఎలా మూస్తారో వాడు జన్మలో ఒక్కసారే దగ్గరగా చూశాడు. వాడి చేతులు అదే చేశాయి.

అమ్మీ ఎప్పుడు వచ్చిందో వచ్చి, మా వెనకే నిలబడి ఉంది. మొక్కల వంక చూడటం లేదు. చెక్కల వంక చూస్తోంది.

"గిట్లనే మూసిన్రా?" అని అడిగింది.

"ఆ," అన్నాడు ఆసిం.

"చెక్కలు నువ్వే పరిచినవా?"

"అందించిన అమ్మీ. పైకెల్లి."

"పైకెల్లా? లోపల ఎవరున్నరు మరి?"

"ఖాజా చాచా. ఇంకొకాయన, నాకు పేరు తెల్వదు." వాడు ఆగాడు. బండి తాళం కోసం చుట్టూ చూడలేదు ఈసారి. "నేను దిగలే అమ్మీ. కొడుకువి, నువ్వు దిగాలె బేటా అని అందరన్నరు. అంచు దాక పోయిన. కాళ్ళు రాలే."

అమ్మీ చెక్కల మీది నుంచి చూపు ఎత్తి వాడిని చూసింది.

"భుజం సంగతి వాళ్ళకు చెప్దామనుకున్న. నోటిదాక వచ్చింది. గొంతు రాలే. అప్పటికే చెక్కలు అడుగుతున్రు, అందియ్యవడ్తి." ఇక వాడు ఏడుపు దాచుకోలేదు. "ఏం పెట్టలే అమ్మీ. అబ్బా భుజం కింద ఎవ్వలేం పెట్టలే."

మూడు నెలలు. ఒక్క మాట కోసం ఆమె మూడు నెలలు అడిగింది. ఆ మాట చెప్పలేక వీడు గోదాములో పెట్టెలు మోశాడు. వీళ్ళిద్దరి మధ్య నేను వంకాయలు పండించాలని చూశాను. వాడిని కొట్టాలన్నంత కోపం వచ్చింది. కొట్టినా వాడు నిలబడి కొట్టించుకునేవాడే. పార గట్టిగా పట్టుకొని నేను అలాగే నిలబడ్డాను. అమ్మీ ఏమవుతుందోనని భయంగా ఉంది.

అమ్మీ కొంగు నడుముకు చెక్కుకుంది. వంగి, మిగిలిన చెక్కలు ఒక్కొక్కటీ లాగి గోడ వైపు పడేసింది. ఐదారు చెక్కలు ఆమే తీసింది. మేము సాయం పోతే చెయ్యి అడ్డం పెట్టింది. గుంత మొత్తం తెరుచుకున్నాక నా వైపు తిరిగింది.

"నజ్జూ, ఆ ఆకుల సంచులు పట్రా. తట్టల మట్టి ఎత్తు."

తెచ్చాను. ఆకులు సంచి అడుగున సగం కుళ్ళి నల్లగా అయ్యాయి. ఆమె చేత్తో తీసి చూసి, పనికొస్తయి అంది. ఆసిం వైపు చూసింది.

"దిగు."

వాడు కదల్లేదు.

"పైకెల్లి పోస్తే సందులల్లకు పోదు బేటా. దిగి చేతులతోని పెట్టాలె. దిగు."

వాడు అంచు దాకా వచ్చాడు. ఒక కాలు ముందుకు వేసి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. అది మోకాలి లోతు గుంత. వాడే తవ్విన గుంత. నేను ఏదో అనబోయాను. అమ్మీ నా వైపు చూడకుండానే, ఆగమన్నట్టు ఎడమ చెయ్యి ఎత్తింది. కుడి చెయ్యి వాడి వైపు చాపింది.

"నా చెయ్యి వట్టుకో. జల్దీ లేదు."

వాడికి చాలాసేపు పట్టింది. వెనక బాల్కనీలో పార్వతీదేవి ఆంటీ ఆరిన బట్టలు తీసుకుంటూ ఆగి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. అంతసేపూ అమ్మీ చాపిన చెయ్యి దించలేదు. ముందు ఒక కాలు దించాడు, తర్వాత రెండోది. దుంగల మధ్య మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

నేను తట్ట అందించాను. వాడు రెండు చేతుల నిండా మట్టి తీసి, వంగి, ఉత్తరం వైపు దుంగ కింది సందులో మెత్తగా పెట్టాడు.

"ఇంకొంచెం," అంది అమ్మీ.